సుగుణమ్మ గారి ఎర్ర మాత్ర

నిన్న తాడేపల్లిగూడెంలో మందుల షాపు దగ్గర నా ముందున్న ఆవిడ రేకు నొక్కగానే టప్పుమని ఎర్రటి మాత్ర ఒకటి అరచేతిలో పడింది. ఎవరైనా చూశారేమోనని ఆవిడ గబుక్కున పిడికిలి మూసుకుంది. నాకు ఒళ్ళు మండింది. మందేమైనా దొంగసొత్తా? సుగుణమ్మ గారు గుర్తొచ్చారు.

ఆవిడ మండవల్లి దగ్గర మా ఊళ్ళో పాలకేంద్రం నడిపేవారు. నేను అక్కడ వెన్న శాతం చూసే పనిలో ఉండేదాన్ని. ఒక ఏడాది ఆవిడ గేదె ఈసుకుపోయింది. నెలలు నిండకుండానే చచ్చిన దూడ పడింది. మాయ పడక గేదె అల్లాడుతుంటే ఆవిడ వట్టి చేతులతోనే లాగేశారు. మా వైపు అందరం చేసే పనే అది. కొన్నాళ్ళకి సాయంత్రమయ్యేసరికి జ్వరం, చెమటలు, నడుం పట్టేయడం. ఏలూరు డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి, గేదెల నుంచి అంటుకునే బ్రూసెల్లోసిస్ అని తేల్చారు. రెండు మందులు కలిపి నెలన్నర వాడమన్నారు. వాటిలో ఎర్రది క్షయకీ ఇస్తారు. ఇంకేముంది, సుగుణమ్మకి క్షయట అని ఊరంతా చెవులు కొరుక్కుంది.

జ్వరం తగ్గగానే పాలసంఘం అధ్యక్షుడు గారు కేంద్రానికి వచ్చారు. పాలు పోసేవాళ్ళు క్యాన్లతో వరసలో ఉన్నారు.

"ఏవండీ సుగుణమ్మ గారూ, జ్వరం తగ్గింది కదండీ. ఆ ఎర్రమాత్ర మానేయండి, రెండోది చాలు. లేదంటే కొన్నాళ్ళు ఇటు రాకండి. జనం జంకుతున్నారండి."

ఆవిడ నీళ్ళ గ్లాసు అందుకుని రెండు మందులూ అందరి ముందే మింగారు.

"ఒంటెద్దుతో పొలం దమ్ము సాగుద్దాండీ? ఒకటి మానేస్తే జబ్బు తిరగబెట్టుద్దన్నారు డాక్టరు గారు. ఇది క్షయ కాదు, నా నుంచి మీకు రాదు. మీ ఇంట్లో ఈసుకుపోయిన గేదె నుంచి వస్తుంది. మాయ వట్టి చేతులతో ముట్టుకోకండి, పచ్చిపాలు తాగకండి. నేను మందూ మానను, ఈ కుర్చీ వదలను. పాలు పోస్తారో, ఒలకబోసుకుంటారో మీ ఇష్టమండీ."

ఆ పూట సగం మంది వెనక్కి వెళ్ళిపోయారు. కేంద్రం మూతపడితే మా ఇంట్లో పొయ్యి వెలగదని, వెళ్ళిపోయేవాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాను. "మొహం అలా పెట్టకమ్మా, తర్వాతి క్యాను రమ్మను" అన్నారావిడ. మర్నాటి నుంచీ అదే చోట, అందరూ చూస్తుండగానే మందు వేసుకున్నారు. ఒకావిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుంటే, సుగుణమ్మ గారు ఇంకాస్త పెద్ద గ్లాసు తెచ్చుకున్నారు. ఆ మొండితనమంటే నాకు ప్రాణం.

మందు పూర్తి కావస్తుండగా ఒకామె కేంద్రం వెనకవైపు నుంచి వచ్చి, తనకీ అలాంటి జ్వరమే వస్తోందని గొణిగింది. మా అమ్మ. ఇంట్లో నాకు కూడా చెప్పలేదు.

"దొడ్డిదారిన చెప్పే జబ్బు కాదొదినా ఇది" అన్నారు సుగుణమ్మ గారు. "ముందు గుమ్మంలోంచి వచ్చి అందరూ వినేలా చెప్పు. రేపు నేనే ఏలూరు తీసుకెళ్తా."

అమ్మ చుట్టూ తిరిగి వచ్చింది. క్యాన్ల మధ్య నిలబడి గట్టిగానే చెప్పింది. వరసలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తలెత్తి, "మాకూనండీ" అన్నారు.

అమ్మ నెలన్నరా రెండు మందులూ వదలకుండా వేసుకుని లేచి తిరిగింది. సుగుణమ్మ గారు ఇప్పుడు లేరు. ఎవరైనా నా దగ్గర గొంతు తగ్గించి తమ జబ్బు చెప్పబోతే, నేను ఊరుకోను. "గట్టిగా చెప్పండి, పక్కవాళ్ళ ఇంట్లో కూడా ఇదే జబ్బుతో ఒకరు ఉండి ఉంటారు" అంటాను.