ఏనుగుబండ మీద ఎర్రగుడ్డ కట్టిన మామ

మా మేనమామ గోవిందస్వామి ఇక లేడన్న సంగతి నాకు మా వాళ్లెవరూ చెప్పలేదు. బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన లారీలను తూచే కాటాలో నేను పనిచేస్తాను. ఆ రోజు ఒక లారీ డ్రైవరు చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడి, ఊసుపోక తన ఫోను నా వైపు తిప్పాడు. "సూడన్నా, గుప్తనిధి తవ్వను పోయి ఎవురో ముసిలాయన సచ్చిపోయినాడంట" అన్నాడు. ఫొటోలో చెరువు కట్ట మీద ఒక గడ్డపార, ఒక ఎర్రగుడ్డ, మూడు నిమ్మకాయలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన దుప్పటి కప్పిన మనిషి. దుప్పటి బయట ఒక కాలు, ఆ కాలికి లారీ టైరు కోసి చేసుకున్న చెప్పు. ఆ చెప్పు నాకు తెలుసు. దాన్ని మా మామ తన పంచరు అంగట్లో నా ముందే కోసుకున్నాడు. లారీ కాటా మీద నిలబడే ఉంది. దాని బరువు చదవడం ఆ పూట నాకు చేతకాలేదు.

సాయంత్రానికి ఆ ఫొటో మా మండలమంతా తిరిగింది. మరునాడు ఒక పత్రికలో వార్త వచ్చింది. క్షుద్రపూజలు చేసి నిధి తవ్వబోయిన వృద్ధుడు బండ మీద నుంచి జారిపడి మరణించినట్లు అనుమానం అని రాశారు. దుఃఖం ఎలాగూ ఉంటుంది, దాన్ని మోసుకుంటాం. ఆ 'అనుమానం' అన్న మాటను మాత్రం నేను మోయలేను. అందుకే ఈ వ్యాసం.

మా చెరువు మధ్యలో ఏనుగుబండ ఉంది. ఎండాకాలం నడిచిపోయి ఎక్కవచ్చు. వానలు పడి చెరువు నిండితే అది ఒంటరి దీవి. దాని మీద మనిషి నివాసం లేదు, చెట్టు లేదు, తట్టెడు మట్టి లేదు. నీటి కాకులు రెక్కలు ఆరబెట్టుకోవడానికి తప్ప ఎవరికీ పనికిరాని రాయి. ఏనుగుకు ఉన్నట్టే దానికీ ఒక తొండం ఉంది. కట్ట వైపు చాచుకున్న సన్నటి రాతి గట్టు అది. చెరువు నిండినప్పుడు ఈ తొండం నీళ్ల అడుగుకు పోతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు.

చాలా ఏళ్ల కిందట చెరువు నిండి అలుగు మీదుగా మొరవ పారిన ఒక సంవత్సరం, పెళ్లికి వచ్చిన పొరుగూరి యువకుడొకడు బండ దాకా ఈదిపోయి, అక్కణ్ణుంచి నేరుగా తొండం మీదికి దూకాడు. అతని శవాన్ని బయటికి తెచ్చినవాళ్లలో మామ ఒకడు. అతనెవరో మామకు తెలియదు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని మామ తినలేదు. మా అమ్మ బతిమాలితే, "బండకు నోరు లేదక్కా. మనకుండాది గదా. మనమన్నా సెప్పల్ల" అని లేచిపోయాడు.

ఆ తర్వాతి వానాకాలం నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. రెండు లారీ ట్యూబులకు గాలి పట్టి, వాటి మీద పలకలు కట్టి తెప్ప చేశాడు. వెదురు గడ, గడ్డపార వేసుకుని బండ దాకా పోయేవాడు. తొండం మొదట్లో ఉన్న పగుల్లోని రాళ్లను గడ్డపారతో పెకలించి, గడను నిలబెట్టి, అవే రాళ్లు చుట్టూ బిగించి, కొసకు ఎర్రగుడ్డ కట్టేవాడు. గుడ్డ మా అత్త పాత చీరది. నీళ్లు తగ్గితే గడ తీసుకొచ్చి పంచరు అంగడి వెనక చేరేసేవాడు.

ఆయన తీరు తెలియాలంటే బోర్డు సంగతి చెప్పాలి. ఊరివాళ్లు అర్జీ పెడితే కట్ట మీద 'ఈత నిషేధం' అని బోర్డు నాటారు. అందరం సంతోషించాం. మామ దాన్ని చదివి నవ్వాడు. "ఈత గొట్టొద్దంటే పిలకాయలు ఇంగా కొడతారబ్బా. రాయి యాడుందో సూపించు, వాళ్లే సుట్టు తిరిగి పోతారు" అన్నాడు. ఆ తర్వాత జరిగింది కూడా అంతే. బోర్డు కిందే చొక్కాలు విప్పి దూకేవాళ్లు, ఎర్రగుడ్డ దగ్గర మాత్రం పక్కకు తిరిగేవాళ్లు.

కట్ట మీద టీ అంగడి మొగిలప్పది. మామకు స్నేహితుడు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. తెప్ప దింపుతున్న మామను చూసి మొగిలప్ప, "ఏంది గోవిందా, బండ మీద ఏ పార్టీ జెండా నాటతా ఉండావు?" అన్నాడు. "మునిగిపోకుండా ఉండే పార్టీ అప్పా. సభ్యత్వం ఊరికే ఇస్తాండాము, నువ్వూ సేరు" అన్నాడు మామ. టీ తాగుతున్న వాళ్లంతా నవ్వారు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో కింద చెబుతాను.

ఇక నిమ్మకాయలు. మా మామకు పైత్యం. నీళ్లలో దిగితే చేపలా ఈదేవాడు గానీ, తెప్ప ఊగితే మాత్రం కడుపులో తిప్పేది. అందుకని నిమ్మకాయ కొరుక్కుంటూ పోయేవాడు. "ట్యూబు మీద వాంతి జేసుకునే గజ ఈతగాణ్ణి యాడన్నా సూసినారా?" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పి ఏడిపించేది. ఆ మనిషి చేతుల్లో చచ్చేనాటికి ఉన్నవి క్షుద్రపూజ నిమ్మకాయలట!

ఈ ఏడు తుఫాను వానలకు చెరువు నిండింది. మామ గడ నాటాడు. ఆదివారం ఎక్కడెక్కడి నుంచో బైకుల మీద వచ్చిన కుర్రాళ్లు వీడియో కోసం దాన్ని పెరికి, ఊపుకుంటూ ఆడి, నీళ్లలో వదిలేసి పోయారు. మామ వాళ్లను ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆదివారం వచ్చేలోగా కొత్త గడ నాటాలని శుక్రవారం పొద్దున ఒక్కడే పోయాడు. గాలి ఎక్కువగా ఉంది, బండంతా పాచి. పగుల్లోని రాళ్లు సగం పెకలించి ఉన్నాయి, గడ ఇంకా నిలబెట్టలేదు. వలలు తీయడానికి పోయినవాళ్లు చూసేసరికి తలకు రాయి తగిలి పడి ఉన్నాడు. ఆయననూ, పక్కనున్న సామాన్లనూ వాళ్లే కట్ట మీదికి చేర్చారు.

నేను పెద్ద చదువు చదివినవాణ్ని కాను. లెక్క నాకు కాటా నేర్పింది. నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకెంతో తేలుతుంది. ఈ నిధి కథను కూడా అలాగే తూచి చూశాను. నిధి తవ్వేవాడు పట్టపగలు, కట్ట మీద టీ తాగేవాళ్ల కళ్ల ముందు తెప్ప వేసుకుని పోతాడా? మట్టే లేని బండలో ఎక్కడ తవ్వుతాడు? తనొక్కడూ ఎక్కితేనే ఊగే తెప్ప మీద ఏం మోసుకొస్తాడు? కథలోంచి ఊహ తీసేస్తే మిగిలేవి గడ్డపార, గుడ్డ, నిమ్మకాయలు. మా వైపు ఈ మూడూ ఒకచోట కనబడితే చాలు, మనిషెవరని ఎవరూ అడగరు. బండ పక్కనే నీళ్లలో తేలుతున్న వెదురు గడను ఒక్కరూ ఫొటో తీయలేదు.

పత్రికకు రాసిన విలేకరిని కలిశాను. జనం అన్నదే రాశామని, అనుమానం అనే కదా రాసిందని అన్నాడు. ఆ జనంలో మొగిలప్ప ఉన్నాడు. గుడ్డేమిటో, గడ ఎందుకో, నిమ్మకాయలెందుకో తెలిసిన మొగిలప్ప. ఆ వస్తువులను వరసగా పేర్చి ఫొటోలు తీస్తున్నప్పుడు టీ గ్లాసులు అందిస్తూ నిలబడ్డాడు. ఎందుకు నోరు విప్పలేదని అడిగితే, "అందురూ అట్ల అంటా ఉంటే నేనొక్కణ్ణి ఏం జెప్పేదబ్బా" అన్నాడు. మా మామ నోరు లేని రాయి తరఫున ఏళ్ల తరబడి మాట్లాడాడు. నోరున్న స్నేహితుడు ఆయన తరఫున ఒక్కసారి మాట్లాడలేకపోయాడు. విచారణకు వచ్చినవాళ్లు మా అత్తను ఇంటికి మంత్రగాళ్లెవరైనా వచ్చేవారా అని అడిగారు. ఆమె వాళ్లను తప్పు పట్టలేదు. "తెలీని వాళ్లు అడుగుతారు" అంది.

కర్మాంతరం నాడు భోజనాలయ్యాక మొగిలప్ప తలవంచుకుని పోబోతుంటే, మా అత్త పిలిచింది. లోపల్నుంచి, మామ గుడ్డకోసం చింపగా మిగిలిన పాత చీర రెండో సగం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టు మొగిలన్నా. ఇది ఏం గుడ్డో నీకు తెలుసు గదా."

అక్కడున్న అందరూ విన్నారు. అతను ఏడ్చాడు. నాకు మాత్రం జాలి కలగలేదు, ఇప్పటికీ కలగలేదు. కానీ తెప్ప మీద నాతో వచ్చాడు, గడ నిలబడేదాకా రాళ్లు బిగించాడు, గుడ్డ కట్టాడు. అత్త నా జేబులో వేసిన నిమ్మకాయల్లో ఒకటి అతనికిచ్చాను.

గడ ఎవరైనా నాటగలరు, మేమూ నాటాం. పెరికేసిన ప్రతిసారీ తిట్టుకోకుండా, పెరికినవాళ్ల కోసమే మళ్లీ పోయి నాటే మనిషిని ఇంకొకణ్ణి చూపించమంటే నా వల్ల కాదు. ఆ జాగా మా ఊళ్లో ఖాళీగానే ఉంటుంది.

మొన్న ఆదివారం కట్ట మీద కూర్చుని ఉన్నాను. ఒక కుర్రాడు బండ దగ్గర నుంచి ఈదుకుంటూ, ఎర్రగుడ్డ రాగానే పక్కకు మళ్లి, చుట్టూ తిరిగి ఒడ్డుకు వచ్చాడు. తల తుడుచుకుంటూ నన్నడిగాడు, "అన్నా, నిధి కోసరం పోయి ఒకాయన సచ్చిపోయినాడంట, ఆ బండేనా?"

"ఆ బండే. నిధి కోసరం కాదు నాయనా, నీ కోసరం పోయినాడు" అన్నాను.