సుద్దగీత

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. చిన్నా పెద్దా అందరికీ జుట్టక్కే. ముందు గదిలో దువ్వెనలు, క్లిప్పులు, రిబ్బన్లు, రబ్బరు బ్యాండ్లు అమ్ముతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని వీధివాళ్ళ లెక్క. ఆవిడా కాదనదు. అసలు వ్యాపారం మాత్రం వెనక గదిలో ఉంది. ఆ గదికి వెనక సందులోంచి వేరే గుమ్మం. ఆ గుమ్మానికి బోర్డు లేదు, గంట లేదు. అవసరమున్నవాళ్ళకి ఎలాగో తెలుస్తుంది, వచ్చి మెల్లిగా తలుపు తడతారు. జుట్టక్క విగ్గులు చేస్తుంది.

విగ్గు అనగానే నాటకంలో రాజుగారి నెత్తిమీద బుట్టలాంటిది అనుకునేరు. అది వేరు, ఇది వేరు. తల కొలతకి సన్నటి వల కుట్టి, ఆ వల కన్నాల్లోంచి వెంట్రుక తర్వాత వెంట్రుక కొక్కెం సూదితో లాగి ముడి వేయాలి. ఒక తల పూర్తయ్యేసరికి మెడ పట్టేస్తుంది, కళ్ళు నీళ్ళు కారతాయి, ఎవరైనా పలకరిస్తే కరవబుద్ధేస్తుంది. రంగు కలపడం ఇంకో యాతన. ఏ మనిషి తలా ఒకే రంగులో ఉండదు. నల్లటి తల అనుకుంటామా, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూస్తే అందులో గోధుమరంగుంటుంది, ఎరుపుంటుంది, అక్కడక్కడా దాచుకున్న వయసుంటుంది. అవన్నీ పట్టుకోవాలి.

ఈ విద్య నేర్పింది మేనత్త. తల్లి పోయాక పెంచింది కూడా ఆవిడే. నోరు కత్తి, చెయ్యి పట్టు. పనితోపాటు రెండు మాటలు కూడా జుట్టక్క బుర్రలోకి ఎక్కించింది.

"వీధిలో మన దగ్గరికొచ్చే మనిషి ఎదురైందనుకో, ముందు నువ్వే తల తిప్పుకోవాలి. వాళ్ళు మనల్నెరగరు, మనం వాళ్ళనెరగం" అనేది. రెండోది: "మన పని బాగుందని ఎవరైనా అన్నారంటే, అది బాగాలేనట్టే. బాగుంటే అక్కడ పని జరిగిందని తెలియనే కూడదు."

జుట్టక్క జీవితమంతా ఈ రెండు మాటల మీదే నడిచింది. ఒకసారి ఎవరిదో పెళ్ళికి వెళ్ళింది. పెళ్ళికూతురి తలమీద ఉన్నది తను చేసిన జుట్టే. పక్కన కూర్చున్న ముసలావిడ పెళ్ళికూతుర్ని చూసి, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనమ్మా" అని మురిసిపోయింది. జుట్టక్క విస్తట్లోంచి తలెత్తలేదు. నవ్వు ఆపుకోలేక పొలమారితే, ఆ ముసలావిడే నెత్తిమీద తట్టి నీళ్ళిచ్చింది.

ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పుకుందామా అంటే దారి లేదు. కాపురానికొచ్చిన కొత్తలో మొగుడికొక మాట చెబితే, ఆ మహానుభావుడు సాయంత్రానికల్లా దాన్ని టీకొట్టు దాకా మోశాడు. ఆ రోజునుంచి మొగుడికీ చెప్పడం మానేసింది. ఆయన పోయేటప్పుడు కూడా ఆవిడ దగ్గరున్న రహస్యాల్లో ఒక్కటీ వెంట తీసుకెళ్ళలేదు.

మరి అలాంటి మనిషి ఎలా జారింది? చెబుతాను.

చెల్లెలి కూతురు చదువైపోయి, పని నేర్చుకుంటానని వచ్చి చేరింది. మంచి పిల్ల. పనిలో చెయ్యి నిదానం, ఫోను మీద మాత్రం గాలి వేగం. ముందు గది క్లిప్పులకీ రిబ్బన్లకీ ఒక పేజీ తెరిచింది. ఒకరోజు సరదాకి పెద్దమ్మ చేతులు మాత్రం కనిపించేలా, సూదితో ముడి వేస్తున్న వీడియో తీసి పెట్టింది. అది ఎవరి తలకోసమో కాదు, పిల్లకి నేర్పడానికి వేస్తున్న ముక్క.

మర్నాడు చూస్తే జనం విరగబడిపోయారు. పిల్ల ఒక్కొక్కటీ చదివి వినిపించింది. "అమ్మో ఎంత ఓపిక!" "బంగారు చేతులు తల్లీ." "ఈ చేతులకి దండం." జుట్టక్క పైకి, "పనీపాటా లేనివాళ్ళు" అంది. కాసేపాగి, "ఆ బంగారు చేతులన్నది ఎవరే? మళ్ళీ చదువు" అంది. వారం తిరక్కుండా కొత్త కళ్ళద్దాలొచ్చాయి. చదివి పెట్టమని పిల్లని అడగడం మానేసి, తనే వేలితో తోసుకుంటూ చదవడం మొదలుపెట్టింది. అన్నేళ్ళుగా ఒక్కరూ బాగుందనని పని అది. ఆకలేసిన మనిషిని విస్తరి ముందు కూర్చోబెడితే ఏమవుతుందో అదే అయింది.

ఆ రోజుల్లోనే లెక్కల టీచర్ వెనక తలుపు తట్టింది.

వచ్చి కూర్చుని, తలకి చుట్టుకున్న గుడ్డ చాలాసేపు విప్పలేదు. జుట్టక్క తొందరపెట్టలేదు, అద్దం మీద ఎప్పుడూ కప్పి ఉంచే దుప్పటి తీయలేదు. చివరికి విప్పింది. జుట్టు కుప్పలుగా రాలిపోయి, అక్కడక్కడా కాసిన్ని పోగులు మిగిలాయి.

"ప్రాణానికేం భయం లేదన్నారండీ డాక్టరు. అంటుకునేదీ కాదట. ఎందుకు రాలుతుందో మాత్రం చెప్పలేమన్నారు" అంది. "మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మకి కూడా చెప్పలేదు, తట్టుకోలేదు. సెలవులు అయ్యేలోపు కావాలి."

పాత ఫోటోలు చూపించింది. ఒత్తయిన వంకీల జుట్టు. నడినెత్తి సుడి దగ్గర మొదలై వెనక్కి జారే ఒక తెల్లటి పాయ. పుట్టుకతో వచ్చిందట.

"ఇది కూడా ఉండాలండీ. ఇది లేకపోతే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ముందు ఎలా ఉన్నా సర్దుకుంటాను. బోర్డు మీద రాసేటప్పుడు నా వీపు వాళ్ళవైపే కదా. వెనకనుంచి ఎవరికీ తెలియకూడదు."

జుట్టక్క ఆ తలమీద పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. ఆ తెల్ల పాయ కోసం మూడు రకాల తెలుపు కలిపింది. సుడి దగ్గర ముడులు విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పింది. పూర్తయ్యాక చెక్క తలకి తగిలించి మెల్లిగా తిప్పి చూసుకుంటే, తన చేతులే తనకి కొత్తగా అనిపించాయి. మేనత్త కూడా ఇలాంటిది చేసి ఉండదనుకుంది. ఫోను తీసి, వెనకవైపునుంచి, ఆ సుడినీ పాయనీ దగ్గరగా చూపిస్తూ వీడియో తనే తీసుకుంది. తనకోసమే అనుకుంది అప్పటికి.

టీచర్ వచ్చి పెట్టుకుంది. చేతి అద్దం పట్టుకుని వెనక్కి చూసుకుంది. పాయని వేలితో సవరించుకుంది, ఎప్పుడూ చేసే అలవాటులాగా. వెంటనే, "అయ్యో, ఇంకా పేపర్లు దిద్దాలి" అనుకుంటూ సంచీ తీసుకుని సందులోకి వెళ్ళిపోయింది. బాగుందన్న మాట కూడా మరిచిపోయింది. మేనత్త లెక్క ప్రకారం ఇంతకు మించిన మెప్పు లేదు. కానీ ఆ వేళ జుట్టక్కకి లోపలెక్కడో కలుక్కుమంది. ఒక్క మాట అంటే దాని సొమ్మేం పోయింది?

సాయంత్రం ఆ వీడియో పేజీలో పెట్టేసింది.

"వాళ్ళని అడగక్కర్లేదా పెద్దమ్మా?" అంది పిల్ల.

"మొహం ఉందా? పేరుందా? ఉత్త జుట్టు! దానికి అడగడమేమిటే?" అని కసిరింది.

మెప్పులు వర్షంలా కురిశాయి. జుట్టక్క రెండు రోజులు వంట కూడా ఒక కన్ను ఫోనుమీద వేసే చేసింది. మూడోనాడు మధ్యాహ్నం, ముందు గదిలో క్లిప్పులు సర్దుతున్న పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఒరేయ్, ఇది మన సుద్ద టీచర్ తలరా!" అని ఎవరో రాశారు. కింద వరసగా నవ్వులు. "వెనకనుంచి అచ్చం!" "ఏడాదంతా చూశాం కదరా, సుద్దగీత!" ఇంకొకడు క్లాసులో దొంగతనంగా తీసిన ఫోటో పక్కన పెట్టాడు. బోర్డు మీద రాస్తున్న టీచర్ వీపు, తల, ఆ తెల్ల పాయ. బోర్డు తుడుస్తుంటే సుద్ద అంటుకుందని పిల్లలు చాటుగా పెట్టుకున్న పేరట అది.

"మొహం లేదు కదే!" అంది జుట్టక్క.

"వాళ్ళు చూసేది ఆ వెనకవైపే కదా పెద్దమ్మా."

ఆ మాట టీచర్ తన నోటితో చెప్పిందే. ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. వెనకనుంచి ఎవరికీ తెలియకూడదని అడిగిన మనిషిని వెనకనుంచే పట్టించింది జుట్టక్క. మనిషి ఆనవాలు జుట్టులో ఉంటుందని ఆవిడకంటే తెలిసినవాళ్ళెవరు? ఇన్నేళ్ళుగా అమ్ముకుని తిన్నది ఆ ఆనవాలునే కదా. అలాంటి తనే 'ఉత్త జుట్టు' అంది. తల కొట్టేసినట్టయింది.

వీడియో తీసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. అప్పటికే అది తల్లిదండ్రుల గ్రూపుల్లోకి పాకింది. "టీచర్‌కి ఏం జబ్బట? పిల్లలకి అంటుకోదు కదా?" అని అక్కడ చర్చ.

టీచర్ ఫోన్ చేసింది. అరుస్తుందేమో, అరిస్తే బాగుణ్ణు అనుకుంది జుట్టక్క. అరవలేదు.

"ఆ వీడియో మీరే పెట్టారా అండీ?"

పక్కనే పిల్ల నిలబడి ఉంది. "నేను కాదమ్మా... మా పిల్లది. తెలియక పెట్టింది" అంది జుట్టక్క.

"అమ్మక్కూడా ఎవరో పంపారండీ. నాతో మాట్లాడటం లేదు, అందరికీ చెప్పి నాకు దాచావా అంటోంది" అని టీచర్ పెట్టేసింది.

పిల్ల, నావైపు వేలెందుకు చూపించావని అడగలేదు. ముందు గదిలోకి వెళ్ళి, సర్దిన క్లిప్పులే మళ్ళీ సర్దింది. ఆ రోజు భోజనాల దగ్గర జుట్టక్కకి దాని మొహం చూసే ధైర్యం లేకపోయింది. చేసిన తప్పు ఒక ఎత్తు, దాన్ని చిన్నపిల్ల నెత్తిన రుద్దడం ఇంకో ఎత్తు. రెండోదే ఎక్కువ కుళ్ళబొడిచింది.

వెళ్ళి కాళ్ళమీద పడదామా అనుకుంది. ఎక్కడికి వెళ్ళాలి? బడి గేటు దగ్గర నిలబడితే, అదిగో విగ్గులావిడ అని ఇంకో వీడియో తీస్తారు. ఇంటికెళితే ఇరుగుపొరుగు చూస్తారు. ఆ మనిషిని ఎరగనట్టుండటమే ఆవిడకి చేతనైన మర్యాద. ఇప్పుడు ఆ మర్యాదే అడ్డొచ్చి, క్షమించమనే దారి కూడా మూసేసింది.

వెనక తలుపు చప్పుడు తగ్గిపోయింది. పాత మనుషులు ఒక్కొక్కరే రావడం మానేశారు. తడతారేమోనని జుట్టక్క సూది పట్టుకుని చెవులు రిక్కించి కూర్చునేది. సందులో పిల్లి నడిచినా లేచి వెళ్ళేది.

ఒకరోజు పొద్దున్నే ముందు గది నిండా జనం. పిల్లలకి రిబ్బన్లు కొనే తల్లులు, బేరమాడే ఆడపడుచులు. వీధి గుమ్మంలోంచి, పట్టపగలు, లెక్కల టీచర్ లోపలికొచ్చింది. తలమీద గుడ్డ లేదు, జుట్టు లేదు. మిగిలిన పోగులు కూడా గీసేసుకుంది. గది చప్పున సద్దుమణిగింది.

"బాగున్నారా అక్కా?" అంది టీచర్, అందరికీ వినపడేలా.

అలవాటు అలాంటిది. జుట్టక్క తల తిప్పేసుకుంది.

"ఇంకెందుకండీ తల తిప్పుకోవడం? తెలియనివాళ్ళెవరున్నారని?"

చేతిలో ఉన్న ప్లాస్టిక్ సంచీ బల్లమీద పెట్టింది. లోపలున్నది బయటికి కనిపించే సంచీ. లోపల వంకీల జుట్టు, తెల్ల పాయ.

"ఇది పెట్టుకుంటే వెనకనుంచి నవ్వుతున్నారు. తీసేస్తే ఎదురుగా నవ్వుతున్నారు. ఎదురుగా అయితే కనీసం ఎవరు నవ్వుతున్నారో తెలుస్తుంది" అంది. తర్వాత పిల్లవైపు తిరిగింది. కోపంగా కాదు, అలసటగా. "నువ్వేనా అమ్మా ఆ వీడియో పెట్టింది?"

పిల్ల తల దించుకుంది. అవుననలేదు, కాదనలేదు. పెద్దమ్మ పరువు కాపాడటానికి సిద్ధపడి అలాగే నిలబడింది.

"పిల్ల కాదు" అంది జుట్టక్క. మళ్ళీ అంది. "అది కాదు తల్లీ. నేను. అడగక్కర్లేదా అని అది అన్నా పెట్టాను. ఫోన్లో అబద్ధం చెప్పాను. బాగుందని నలుగురు అంటారని పెట్టాను. నన్ను..."

క్షమించమన్న మాట బయటికి రాలేదు. ఎన్ని కళ్ళు తనమీదున్నాయో ఒళ్ళంతా తెలుస్తోంది. ఈ మనిషి ఇన్ని రోజులు ఇలాంటి కళ్ళ ముందే పాఠాలు చెప్పింది కదా అనిపించి, బల్ల అంచు పట్టుకుంది.

టీచర్ సంచీ మీద చెయ్యి పెట్టి, ఆ తెల్ల పాయని పైనుంచే ఒకసారి తాకింది.

"పని మాత్రం బాగుందక్కా" అంది. "చాలా బాగుంది. అందరూ అంటున్నారు."

వచ్చిన వీధి గుమ్మంలోంచే వెళ్ళిపోయింది. పిల్ల వచ్చి సంచీ తీయబోతే, జుట్టక్క దాని చెయ్యి పట్టుకుని ఆపింది, వదల్లేదు. మేనత్త పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మెప్పు ఆవిడా వినేది.