లంక ఇంటి గుమ్మం

నా ఆర్కిటెక్చర్ ఆఖరి ప్రాజెక్టులో ఇంటి గుమ్మం అంత పొట్టిగా ఎందుకు గీశానో రిపోర్టులో రాయలేదు. అందుకే ఈ కృతజ్ఞతల పేజీలో రాస్తున్నాను.

గోదావరి కోతకు ఇళ్లు పోయిన లంకవాళ్లకు కొత్త ఇళ్లు గీద్దామని, లైబ్రరీలో వరదల పుస్తకాలన్నీ చదివి వెళ్లాను. ఒక మామ్మగారిని ఇల్లెలా కావాలని అడిగాను. పాకలో గోడకానించిన పాత గుమ్మం చూపించారు. ఇల్లు ఏట్లో కలిసిన ప్రతిసారీ అదొక్కటే ఊడదీసి తెచ్చుకున్నారట.

"గుమ్మం ఉంది బాబూ. దీని చుట్టూ గోడలు కట్టండి, చాలు."

"వంగి రావాలి కదండీ?"

"వంగితే నడుం విరిగిపోద్దా ఏంటి?" అని నవ్వారు.

కొలుచుకున్నాను. డ్రాయింగు చూపిద్దామని వానల్లో వెళ్లేసరికి ఆవిడ లేరు. పొడి కట్టె దొరక్క ఆ గుమ్మాన్నే చితికి వేశామని కొడుకు చెప్పాడు.

పుస్తకాలిచ్చిన లైబ్రేరియన్ గారికి, ఏరు దాటించిన పడవాయనకు, టేపు రెండో కొస పట్టుకున్న మామ్మగారికి నా దణ్ణాలు.