ఇప్పుడే అనుకుంటే విల్

ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో నా ఒళ్లో గ్రామర్ పుస్తకం చూసి పక్కసీటు పెద్దాయన అడిగాడు.

"మా ఊరి ఖూనీ కేసులో రేపు సాక్ష్యం చెప్తా. దీన్ని ఇంగ్లీషులో ఎట్లంటారప్పా?"

కొత్త టీచర్ని, ఉత్సాహం ఆగలేదు.

"ముందే అనుకొనుంటే గోయింగ్ టు. ఇప్పుడే అనుకుంటే విల్. నువ్వెప్పుడు అనుకున్యావు మామా?"

ఆయన నా పుస్తకం మీద చెయ్యి పెట్టాడు.

"అవతలోళ్లు రాజీకి రమ్మంటాండారు. చెప్తా అని నోటితో అన్యా గానీ, ఇంతవరకూ గట్టిగా ఏమీ అనుకోలేదప్పా. నువ్వడిగినంక ఇప్పుడే అనుకుంటాండా. అయితే విల్లే."

"కరెక్టు!" అన్నాను.

మూడోరోజు పేపర్లో ఆయన ఫొటో చూశాను. సాక్ష్యం చెప్పి ఊరికి పోతుంటే నరికారట.

ఇన్నేళ్లుగా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. పిల్లలు సరైన జవాబే చెప్పినా, ఆ ఒక్క పాఠంలో "కరెక్టు" అనే మాట నా నోట రాదు.