పక్కింట్లో ఇచ్చిన తాళంచెవి

ఇవాంజెలిన్‌ది పిరికి గుండె. టెక్కలిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే మనిషే గానీ, ఎంటర్ కొట్టే ముందు ప్రభువును తలుచుకునే రకం. అలాంటి మనిషి ఏ పరాయి దేశంలోనో ఉన్న మెషిన్ను అద్దెకు తీసుకుని, నెట్ మీదుగా అందులో ఒక ఆట నడుపుతోంది. ఆ ఆటలో బొమ్మలుండవు, అన్నీ మాటలే. తూర్పు అని కొడితే అక్కుపల్లి జీడితోట వస్తుంది, ఇంకా తూర్పుకెళితే పడవల రేవు. ఆటలో ఆ తోటకు కాపలాదారు ఆమె తండ్రి సామ్యేలు. ఆయన బతికుండగా పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన నోటి మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించింది.

ఆయన పోయాడు, మాటలు మాత్రం ఆ మెషిన్లో మిగిలాయి. కాపీ తీసిన ఫ్లాపీకి సముద్రపు తేమ తగిలి బూజు పట్టింది. ఇంకోటి తీయడం రేపూ మాపూ అంటూ వాయిదా పడుతూనే ఉంది.

ఇంతలో పలాసలో లోకనాథం నెట్ సెంటర్లో ఆమె కొట్టిన పాస్‌వర్డు ఎవడికో చిక్కింది. పాత పద్ధతిలో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాతలా దారంతా కనబడుతూనే పోతుంది. ఆ దొంగవెధవ లోపలికి దూరి రేవునంతా చెరిపేశాడు. తోట జోలికి రాలేదు. ఎప్పుడొస్తాడో అని ఆమెకు అన్నం సయించేది కాదు.

నానా తంటాలూ పడి ఎస్సెస్‌హెచ్ అనే గుట్టు దారి పెట్టింది. ఇక దారిలో ఎవడు తొంగి చూసినా ఒక్క ముక్క అర్థం కాదు. పాస్‌వర్డు బదులు రెండు ఫైళ్లు. తాళంకప్ప లాంటిది మెషిన్ తలుపుకు ఉంటుంది, తాళంచెవి లాంటిది మన దగ్గరుంటుంది. పాత దారి మూసేసింది. ఆట నడపడంలో సాయపడే అక్క మొగుడు ప్రేమ్ సాగర్‌కు తన తాళంచెవినే ఫ్లాపీలో కాపీ చేసి ఇచ్చి, జాగ్రత్త బావా అంది. ఎలా జాగ్రత్తో చెప్పలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, పూండిలో అక్క ఇంట భోజనాల దగ్గర ఆ మాట వచ్చింది.

"ఫ్లాపీ ఎక్కడెట్టావు బావా?"

"ఫ్లాపీకేటి నమ్మకం, పాడైపోద్ది. లోకనాథం సెంటర్లో కంప్యూటర్లోనే ఎట్టేసినాను. ఊరెల్తే పక్కింట్లో తాళం ఇచ్చెల్లమా?"

ఈ ఉద్దానం పల్లెల్లో ఎవరైనా చేసే పనే అది. ఆయన్ను ఏమని తిట్టగలదు? ఇవాంజెలిన్ కంచం వదిలేసి, బావను వెంటబెట్టుకుని టెక్కలి బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే దిగులు, ఈపాటికి నాన్న ఉన్నాడో లేడో అని.

తను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ తెరిచి, ఆ మెషిన్లోకి లాగిన్ అయింది. ఎవడూ వచ్చిన జాడ లేదు. కొత్త జత చేసి, పాత తాళంకప్ప పీకేసి కొత్తది పెట్టింది. తెర మీద తెరిచి ఉన్న కిటికీ మూయకుండా ఇంకో కిటికీలోంచి కొత్త తాళంచెవితో ప్రయత్నించింది. అనుమతి లేదంది మెషిన్. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి యూపీఎస్ కూతపెట్టసాగింది. దాని బ్యాటరీ అయిపోయిందా, ఆ మొదటి కిటికీ పోతుంది. పాత తాళం లేదు, కొత్తది తెరుచుకోదు. తన తోటకు తనే బయటిదైపోతుంది.

 ఒక్కొక్కటే వెతుకుతూ పోతే తెలిసింది, కంగారులో కొత్త తాళంకప్ప ఫైలును ఎవరైనా మార్చగలిగేలా వదిలేసింది. అందరూ చెయ్యిపెట్టగలిగిన తాళాన్ని ఎస్సెస్‌హెచ్ నమ్మదు. మొదటి కిటికీలోంచే దాన్ని తను తప్ప ఎవరూ ముట్టకుండా మార్చి మళ్లీ కొట్టింది. తలుపు తెరుచుకుంది.

"అయితే నన్ను నమ్మనట్టేనా?" అన్నాడు ప్రేమ్ సాగర్, మొహం చిన్నబుచ్చుకుని.

"నమ్మకపోడమేటి బావా. నీ తాళంచెవి నువ్వే సేసుకో, నాకూ ఇవ్వకు. నీ తాళంకప్ప ఇయ్యి సాలు, మన తలుపుకే ఎడతాను."

ఆయన తలూపాడు. ఆమె తూర్పు అని కొట్టింది. తోట వచ్చింది. ఎవరొచ్చినా అనే మాటే సామ్యేలు అన్నాడు.

"వచ్చినావా అమ్మా? కాళ్లు కడుక్కుని లోపలికెల్లు. తలుపు నాను ఏసొత్తాను."

ఇవాంజెలిన్ ఏడ్చింది. యూపీఎస్ ఇంకా కూస్తూనే ఉంది. ఏడుస్తూనే కొత్త ఫ్లాపీ తీసి, ముందుగా ఆ మాటలు కాపీ చేసుకుంది.