బాబాయి చేతికి నేనిచ్చిన తుపాకి

ఆ రోజుల్లో మా పాలకొల్లులోకి ఫ్లెక్సీలు కొత్తగా దిగాయి. అంతకుముందు ఎవరైనా పెద్దమనిషి బొమ్మ గోడ మీద పడాలంటే ఆర్టిస్టు నిచ్చెనేసుకుని వారం రోజులు గీసేవాడు. ఆ వారంలో సదరు పెద్దమనిషి ఘనకార్యాలు ఎంతవరకు నిజమో ఆలోచించుకోడానికి ఊరికి కాస్త వ్యవధి దొరికేది. ఫ్లెక్సీలొచ్చాక ఆ వ్యవధి పోయింది. పొద్దున్న చెబితే సాయంత్రానికి సెంటర్లో వేలాడేది. నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన నిర్వాకానికి ఇదీ ఒక కారణమని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. (అసలు కారణం నా నోరేనని నాకు తెలుసనుకోండి.)

మా బాబాయి, అంటే నాన్నకి ఆఖరి తమ్ముడు, పదహారేళ్ళు మిలట్రీలో చేసి వచ్చి మార్కెట్టు పక్కన తవుడూ, తెలకపిండీ అమ్మే కొట్టు పెట్టుకున్నాడు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన మిలట్రీ బాబాయే. పేరు చూసి భారీ మనిషనుకునేరు, కాదు. బక్కపలచగా, ఎప్పుడూ నవ్వుమొహంతో ఉండేవాడు. మిలట్రీలో ఆయన పని కంచరగాడిదల్ని చూసుకోవడం. రోడ్డు లేని కొండల మీదికి, సైనికులుండే చోటికి, వాటి వీపున సామాన్లు కట్టి తోలుకెళ్ళడం. ఆ అలవాట్లు పెన్షన్ పుచ్చుకున్నా ఆయన్ని వదల్లేదు. ఎవరి వెనకనుంచీ చప్పుడు చేయకుండా వచ్చేవాడు కాదు. వంటింట్లో పొయ్యి దగ్గరున్న పిన్ని వెనక్కి వెళ్ళాలన్నా గుమ్మంలోంచే "వస్తున్నా, వస్తున్నా" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. (గాడిద తంతుందని అక్కడ భయం, ఇక్కడెందుకూ అని అడిగితే, పిన్ని వైపు చూసి "జాగ్రత్త మంచిదేగా" అనేవాడు.) ముగ్గురు ఆడపిల్లలకీ పొద్దున్నే తనే జడలు వేసేవాడు. పిన్ని వేసిన జడ బడి గంట కొట్టేసరికి వదులైపోయేది. బాబాయి వేసిన జడ మర్నాడు పొద్దున విప్పబోతే కత్తెర కావాలేమో అన్నట్టుండేది. మాకెవరికి జ్వరం వచ్చినా ముందు పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసేవాడు, ఆ తరవాతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఊళ్ళో ఏ ఎద్దు కుంటినా ఆయనకే కబురు.

ఇంత మంచి మనిషి గురించి నాకు చిన్నప్పట్నుంచీ ఒకే ఒక్క సిగ్గు. నేను ఆరో క్లాసులో ఉండగా వెనక బెంచీ అమ్మాయి అందరిముందూ "మీ బాబాయి మిలట్రీలో గాడిదలు కాశాడంట కదే" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నా చెవిలో పదేళ్ళ పైన మోగింది.

ఇరవైమూడేళ్ళకి బీఈడీ పూర్తి చేసి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. చేరి రెండు నెలలు. మూడు నెలలు చూసి ఉంచాలో లేదో చెబుతానన్నారు కరస్పాండెంటు గారు. ఆయన చెడ్డవారు కాదు గానీ, ఏ పనైనా పక్క స్కూలు కంటే ఒక అంగుళం పెద్దగా జరగాలి. ఆగస్టు పదిహేనుకి పిలిచిన ముఖ్య అతిథి వారం ముందు రానన్నారు. స్టాఫ్ రూములో ఆయన తలపట్టుకుని "పక్క స్కూలుకి డీఎస్పీ గారొస్తున్నారంటండి. మనకి ఎవరున్నారండి?" అన్నారు. అందరూ తలలొంచుకున్న ఆ సమయంలో నా నోరు తనంతట తనే తెరుచుకుంది.

"మా బాబాయి మిలట్రీలో చేశారండి."

ఆయన కళ్ళు మెరిశాయి. "యుద్ధం చేశారా అండి?"

ఇక్కడ ఆగి "లేదండి, సామాన్లు మోయించారండి" అని ఉంటే కథే లేదు. నేను "చేశారండి" అన్నాను. "ఎదురుగానే?" అన్నారు. "ఎదురుగానే" అన్నాను. "నలుగురైదుగుర్ని..." అని ఆయన చేత్తో ఏదో సైగ చేశారు. "అంతకంటే ఎక్కువేనండి, ఆయన చెప్పుకోరు" అన్నాను. అబద్ధానికి వినయం కూడా తగిలిస్తే ఎంత బలం వస్తుందో ఆ రోజే తెలిసింది నాకు. అతిథి పరిచయం కూడా నన్నే రాయమన్నారు. తెలుగు టీచర్ని కదా, మంచు శిఖరాలు, గర్జించే ఫిరంగులు, సింహంలా ఒంటరిగా దూకిన మా బాబాయి, అన్నీ కలిపి నాలుగు పేజీలు వచ్చాయి. చదువుకుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది.

ఫ్లెక్సీ సంగతి మాత్రం నాకు తెలీదు. ఫోటో కావాలంటే బాబాయి పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి ఇచ్చానంతే. పండక్కి రెండ్రోజుల ముందు పిన్ని కూరలు కొనుక్కుని వస్తూ సెంటర్లో తలెత్తి చూసి, సంచీ పట్టుకునే కొట్టుకి పరుగెత్తిందట. "ఏవండీ, మీ తలకాయ ఎవరి ఒంటి మీదో ఉందండి! రండి, చూద్దురుగాని!"

బాబాయి సైకిలెక్కి వెళ్ళి చూసి, అట్నుంచటే మా ఇంటికొచ్చాడు. నేను వాకిట్లో కాపీలు దిద్దుతున్నాను. సైకిలు స్టాండేసి, పక్కన అరుగు మీద కూర్చుని, చాలా నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, తలకాయ నాదే. మిగతాది ఎవరిది?"

ఆ మిగతాది కండలు తిరిగిన ఒక కమాండోది. చేతిలో ఇంత పొడుగు తుపాకి, వెనకాల మంటలు, ఆ పైన హెలికాప్టరు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను, వెనక బెంచీ అమ్మాయి నవ్వుతో సహా. "నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు బాబాయ్. నువ్వొచ్చి రెండు ముక్కలు మాట్లాడి, జై హింద్ అని దిగిపో. ఇంకేం చెప్పకు, నీకు పుణ్యముంటుంది" అన్నాను. గాడిదలు కాశాడని పిల్లలు నవ్వారని విన్నాక బాబాయి మొహంలో ఏదో కదిలింది, కానీ అది కోపం మాత్రం కాదు. "వస్తాలే. ఏడవకు" అని లేచి వెళ్ళిపోయాడు.

పదిహేనో తారీఖున పొద్దున్న వాన కురిసి ఆగింది. గ్రౌండంతా బురద. పిల్లలు తెల్ల బూట్లు పాడవకుండా కొంగల్లా నిలబడ్డారు. గంజి పెట్టిన చీరలో నేనూ అలాగే నిలబడ్డాను. బాబాయి ఇస్త్రీ చొక్కా, తళతళా తోమిన మెడల్స్‌తో వచ్చాడు. కరస్పాండెంటు గారు ఆయన్ని చూసి, తలెత్తి ఫ్లెక్సీ చూసి, మళ్ళీ ఆయన్ని చూసి, "ఇప్పుడు తగ్గారండి" అని తనే సమాధానపడ్డారు. జెండా ఎగిరింది. నేను మైకు ముందుకొచ్చాను. చివరి క్షణంలో కాగితాలు మడిచేద్దామనిపించింది. పక్కనే కరస్పాండెంటు గారు "కానివ్వండి మేడమ్" అన్నారు. నాలుగు పేజీలూ చదివేశాను. సింహం దగ్గర నా గొంతు కీచుమంది. చప్పట్లు మోగిపోయాయి.

బాబాయి లేచి మైకు పట్టుకున్నాడు. దాని వంక కాస్త అనుమానంగా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలూ, మీ టీచరు గారు చదివిందాంట్లో కొండ నిజం, మంచు నిజం. ఫిరంగులూ నిజమే, మోతలు విన్నాను. దూకింది మాత్రం నేను కాదు, పైనున్నవాళ్ళు. నేను కంచరగాడిదల్ని తోలేవాణ్ణి."

గ్రౌండంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. నాకు కాళ్ళ కింద బురద ఇంకా లోతుగా ఉంటే బావుండుననిపించింది. కరస్పాండెంటు గారి తల నెమ్మదిగా నా వైపు తిరగడం మొదలుపెట్టింది.

"టీచరు గారి తప్పేం లేదండి," బాబాయి ఆయన వైపు తిరిగి చేతులు జోడించాడు. "నేనే ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. గాడిదలంటే నవ్వుతారని నాకే సిగ్గేసి, ఏదేదో చెప్పాను. పాపం, చిన్నపిల్ల, నమ్మేసింది."

ఆయనకి అసలు సిగ్గన్నదే లేదు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ తన గాడిదల పేర్లతో సహా చెప్పేవాడు. తన గొప్ప కోసం ఒక్క అబద్ధాన్ని నిలబడనివ్వని మనిషి, నా కోసం అంత పెద్ద అబద్ధం నిలువునా ఆడేశాడు.

పిల్లలు నవ్వడం ఆపాక చెప్పాడు. "పైకి వెళ్ళేటప్పుడు పప్పు, నీళ్ళు, తుపాకి గుళ్ళు, ఉత్తరాలు. కిందికి వచ్చేటప్పుడు మనుషులు, దెబ్బ తగిలినవాళ్ళు. నా సర్వీసు మొదటి ఏడాది, ఒక ఉత్తరాది కుర్రాణ్ణి ఎక్కించారు. పొట్టలో దెబ్బ. కిందికి ఆరు గంటల దారి. నిద్రపోనివ్వకు, మాట్లాడుతూనే ఉండు అన్నాడు డాక్టరు. నాకు అప్పటికి హిందీ మూడు ముక్కలొచ్చు. అన్నం తిన్నావా, నీళ్ళు కావాలా, దగ్గరికొచ్చేశాం. మొదటి మలుపులోనే మూడూ అయిపోయాయి."

ఈసారి నవ్వు వేరుగా ఉంది.

"ఇంకేం చెయ్యను? తెలుగులో ఎత్తుకున్నాను. మాటల్లోనే రావులపాలెంలో అరటిగెలల దగ్గర బస్సెక్కించాను వాణ్ణి. సిద్ధాంతం వంతెన దాటించాను. పెనుగొండ, మార్టేరు, ఒక్క ఊరు వదల్లేదు. పాలకొల్లు వచ్చేశాం, ఇంకా దారి అవలేదు. అప్పుడు పులస పులుసు మొదలెట్టాను. మట్టి దాకలో ఎలా పెట్టాలి, బెండకాయలు ఎప్పుడు వెయ్యాలి, ఆ రోజు తినకుండా మర్నాటిదాకా ఎందుకు ఆగాలి... వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. గాడిద కూడా ఒక్క అడుగు తప్పెయ్యలేదు. ఆర్నెల్లకి ఉత్తరం రాశాడు. ఎవరిచేతో చదివించుకున్నాను. 'నువ్వేం మాట్లాడావో తెలీదు గానీ అంత వాగుడు నేనెక్కడా వినలేదు, అందుకే బతికాను' అన్నాడు."

వెనకాల వరసలో ఆయాలు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒకటో క్లాసు పాప ఒకతి చెయ్యెత్తి "తాతగారూ, గాడిద మిమ్మల్ని తన్నిందాండి?" అని అడిగింది. బాబాయి పాంటు పైకి లాగి మోకాలి కింది మచ్చ చూపించాడు. ఆ తరవాత గంటసేపు ఆయన్ని కిందికి దిగనివ్వలేదు. మిఠాయిలు పంచడం మర్చిపోయారు.

నా ఉద్యోగం ఉంది. కరస్పాండెంటు గారు "డీఎస్పీ గారి మీటింగులో పిల్లలు నిద్రపోయారంటండి" అని సంబరపడ్డారు. నాకు మాత్రం గాడిదల టీచరనే పేరు స్థిరపడిపోయింది. ఇంటికెళ్తుంటే దారిలో అడిగాను. "నాకంతా తెలుసు కదా బాబాయ్, ఎందుకలా నీ మీద వేసుకున్నావు?" ఆయన సైకిలు నడిపిస్తూ "నీకు ఉద్యోగం కొత్త. నాకు పెన్షన్ వస్తంది. నన్నెవడు తీసేస్తాడు?" అన్నాడు.

కిందటేడు బాబాయి పోయాడు. ఎక్కువ బాధపడకుండానే, పొద్దున్న టీ తాగాక. పెద్దకర్మనాడు ఎద్దుల రైతులు, పాత విద్యార్థులు, ఎవరెవరో వచ్చి తలో మాటా చెప్పారు. నేనూ లేచాను. ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది ఆ రోజైనా దింపుకోవాలని, "ఆ రోజు బాబాయి చెప్పింది అబద్ధం. ఆయనకి సిగ్గు లేదు, సిగ్గు నాది" అన్నాను. అన్నాక ఏడ్చాను కూడా.

భోజనాలయ్యాక పిన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి, అయినా నవ్వింది. "పిచ్చిదానా, నాకు తెలీదనుకున్నావా? ఆ వేళ ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని ముద్ద దిగక ఒకటే నవ్వారు. 'అమ్మాయి నన్ను సింహాన్ని చేసిందే. ఒక్క పూటైనా సింహంలా ఉందామనుకున్నాను, నోరు ఊరుకోలేదు' అన్నారు."

ఇప్పుడు నేనూ పిల్లలకి ఉపన్యాసాలు రాసిపెట్టే వయసుకొచ్చాను. గంజి చీరలో మైకు ముందు వణికిపోయిన ఆ ఇరవైమూడేళ్ళ అమ్మాయి గుర్తొస్తే కోపం రావట్లేదు, నవ్వొస్తోంది. అబద్ధాలకోరే, కాదన్ను. కానీ పాపం, బాబాయంటే దానికి ప్రాణం. నాలుగు పేజీలు రాసింది గానీ, ఆ ఒక్క ముక్కా రాయడం దానికి తట్టలేదు.