రోహిణి కనపడని సాయంత్రం

ముందే చెప్పేస్తున్నాను: నేను కోతలు కోస్తాను. మా ఇంటి పిల్లి నా నోట పడితే చిరుతపులై బయటికొస్తుంది. అది మనసులో పెట్టుకుని చదవండి.

ఇవాళ జగ్గయ్యపేట బజార్లో స్కూటర్ హ్యాండిల్ పట్టుకోగానే చెయ్యి చుర్రుమంది. రోహిణి కార్తె. ఆ చురుక్కి మా హెడ్మిస్ట్రెస్ రూతమ్మగారు గుర్తొచ్చారు. నందిగామ నుంచి రోజూ మొదటి బస్సులో వచ్చి, చిల్లకల్లు దగ్గర మా బడిని నడిపిన మనిషి. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటే బడిలోనే కాదు, హైవే మీద లారీలు కూడా హారన్ ఆపేసేవి.

నేనప్పుడు కొత్తగా చేరిన సైన్సు మాస్టర్ని. ఊళ్లో నా మాటకు విలువ రావాలని ఒకటే తాపత్రయం. రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం ధగధగలాడుతుంది కాబోలనుకుని, కార్తె మొదలయ్యే సాయంత్రమే బడి ఆవరణలో చూపిస్తానని మైకులో చాటించాను. వృషభ రాశిలో ఎద్దు కన్నట, సూర్యుడికంటే నలభై రెట్లకు పైగా వెడల్పైన ఎర్రటి మహాతారట అని ఊదరగొట్టాను. జన్మలో నేను పెంచకుండా చెప్పిన లెక్క అదొక్కటే.

ఊరు ఊరంతా కదిలొచ్చింది. పొద్దు గుంకింది. పడమర వెతికాను, తూర్పు వెతికాను, నడినెత్తిన వెతికాను. ఎక్కడా లేదు! నా గుండె జారి బడి గేటు దాటిపోయింది.

"ఏంది మాస్టారూ, ఎద్దు కన్నుమూసిందా ఏందీ?" అన్నాడు మిరప రైతు వెంకటేశ్వర్లు. జనం గొల్లుమన్నారు.

రూతమ్మగారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు: "కార్తె అంటే ఏంటనుకున్నావు నాయనా? సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరుండే రోజులు. సూర్యుడితోనే పొడిచి సూర్యుడితోనే గుంకేది నీకెక్కడ కనపడుద్ది?"

బుద్ధెరిగినప్పటి నుంచీ ఇరవైఏడు కార్తెల పేర్లూ గడగడా అప్పజెప్పినవాణ్ని. ఈ ముక్క ఒక్కసారీ తట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యనండీ?"

"ఏముంది, తెలియక పిలిచానని చెప్పు. నోరేం పడిపోదు."

ముందుకెళ్లాను. "నాదే పొరపాటండీ. నాకు తెలియదు" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అప్పుడావిడ అందుకున్నారు.

"వెంకటేశ్వర్లూ, హైవే మీద లారీ లైట్లేసుకుని ఎదురొస్తంటే, దాని పక్కన బీడీ నిప్పు కనపడుద్దా?"

"యాడ కనపడుద్ది టీచరమ్మా!"

"ఇదీ అంతే. ఫిబ్రవరిలో రండి, చీకటి పడగానే నడినెత్తిన ఉంటది."

ఫిబ్రవరిలో వచ్చారు. ఆవిడ వేలు చూపించిన చోట ఎర్రగా, నిబ్బరంగా ఉంది. "ఓర్నీ, ఇదా! చేలో మోటారెయ్యబోతా రోజూ చూసేదేగా!" అని వెంకటేశ్వర్లు నోరు వెళ్లబెట్టాడు.

ఈనాటికీ పిల్లలు నాకు రానిది అడిగితే, "తెలియదు, రేపు చూసి చెప్తా" అంటాను.

ఇందులో కల్పించినదేదో చెప్పాలి కదా. లారీల సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. అది కాదు. ఆ సాయంత్రం నేను ముందుకెళ్లలేదు. ఒక్క క్షణం చూసి ఆవిడే వెళ్లారు. "మాస్టారి తప్పేం లేదండీ, నేనే రోజు తప్పు చెప్పాను" అన్నారు. జనం నా వైపు తిరిగారు.

నేను అవునని తలూపాను.